పుస్తకం మూసినా దడ తగ్గడం లేదా?

భీమునిపట్నం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు కనుక వెయ్యడం లేదు. ఆమె భర్తకు విశాఖపట్నంలో రాత్రి డ్యూటీలు. ఆయన వెళ్ళాక వంటిల్లు సర్దుకుని, తొమ్మిదిన్నరకు నవల పట్టుకుంటారట. ఒక్క ప్రకరణం చదివి పడుకుందామనుకుంటే, తలెత్తేసరికి రెండవుతుంది. అరచేతుల్లో చెమట, గుండె దడ. దొడ్లో కొబ్బరాకు కదిలినా ఉలికిపాటు. తెల్లవారి లేస్తే తలనొప్పి, పిల్లల మీద విసుగు. అయినా రాత్రి కాగానే చెయ్యి మళ్ళీ నవల మీదికే పోతుంది. ఇదేమైనా జబ్బా? గుండెకు ప్రమాదమా? అని మొదటి ప్రశ్న.

రెండో ప్రశ్న అంతకంటే ముఖ్యమైనది. ఇంటర్మీడియెట్ చదువుతున్న వాళ్ళమ్మాయి యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' నవల చదివింది. అప్పటి నుంచీ చీకటి పడితే ఒక్కతే దొడ్లోకి వెళ్ళదు. అంతేకాదు, అప్పుడప్పుడు ఉన్నట్టుండి చూపు నిలిపేస్తుంది. పిలిస్తే పలకదు. పెదవులు చప్పరిస్తుంది, చేత్తో లంగా అంచు నలుపుతూ ఉంటుంది. ఒకటి రెండు నిమిషాలకు తేరుకుని, ఏం జరిగిందో తెలియదంటుంది. ఆ పుస్తకం ఇంట్లోకి రాబట్టే పిల్లకు గాలి సోకిందని అత్తగారి నమ్మకం. వచ్చే అమావాస్యకు తాయెత్తు కట్టే ఒకాయన దగ్గరకు తీసుకువెళ్ళాలని ఇంట్లో అనుకుంటున్నారు. వెళ్ళమంటారా, వద్దంటారా?

రెండింటికీ జవాబు చెబుతాను. ఈ రెండు ప్రశ్నల్లో ఉన్నవి రెండు వేరు వేరు భయాలు. ఒకటి పుస్తకం ఇచ్చిన భయం. రెండోది పుస్తకంతో నిమిత్తం లేనిది. ఏది ఏదో తెలుసుకోవడమే ఈ వారం మన విషయం.

ఎందుకు వదలబుద్ధి కాదు?

ముందుగా ఆ సోదరికి ధైర్యం చెప్పాలి. వేగంగా నడిచే మానసిక ఉత్కంఠ నవలను కింద పెట్టలేకపోవడం జబ్బు కాదు. మెదడు సరిగ్గా పనిచేస్తోందనడానికే అది గుర్తు.

హిచ్‌కాక్ అనే ప్రసిద్ధ సినిమా దర్శకుడు, ఫ్రెంచి దర్శకుడు త్రుఫోతో 1962లో జరిపిన సంభాషణల్లో ఒక ఉదాహరణ చెప్పాడు. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. హఠాత్తుగా బల్ల కింద బాంబు పేలితే, చూసేవాళ్ళకు కలిగేది కొద్ది సెకన్ల ఉలికిపాటు. అదే, బల్ల కింద బాంబు ఉందనీ, అది ఒంటిగంటకు పేలుతుందనీ చూసేవాళ్ళకు ముందే చెప్పి, గోడ గడియారం పావు తక్కువ ఒంటిగంట చూపిస్తే? ఆ పదిహేను నిమిషాలూ కుర్చీ అంచు మీదే కూర్చుంటారు. కబుర్లు అవే, మనుషులు వాళ్ళే. తేడా అంతా మనకు తెలిసినదానిలో ఉంది. మంచి ఉత్కంఠ నవల మనకు సగం చెబుతుంది, సగం దాస్తుంది. ఆ మిగిలిన సగం కోసం మనసు ఆరాటపడుతుంది.

బెర్లిన్‌లో మనస్తత్వ శాస్త్రం చదివిన బ్లూమా జైగార్నిక్ అనే ఆమె, పూర్తి చేసిన పనులకంటే మధ్యలో ఆపిన పనులే మనుషులకు ఎక్కువ గుర్తుంటాయని 1927లో ప్రకటించింది. తరువాత వచ్చిన పరిశోధకులందరికీ అదే ఫలితం రాలేదు. కాని, మధ్యలో ఆపించిన పనిని అవకాశం దొరకగానే మళ్ళీ అందుకోవాలన్న తహతహ మాత్రం పరీక్షల్లో పదే పదే కనిపించింది. సగం అల్లిన పూలమాలను పక్కన పెట్టి చూడండి, చెయ్యి ఊరుకోదు. నవల రాసేవాళ్ళకు ఈ కిటుకు బాగా తెలుసు. అంచేతనే ప్రకరణం చివర తలుపు చప్పుడవుతుంది. తలుపు తీసిందెవరో మాత్రం తరువాతి ప్రకరణంలోనే ఉంటుంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులున్నాయి. వీటిని అధివృక్క గ్రంథులంటారు. ప్రమాదం ఎదురైనప్పుడు వీటి నుంచి ఎడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా వెళుతుంది, కంటిపాప విప్పారుతుంది, అరచేతులు చెమరుస్తాయి, నోరెండుతుంది. పోరాడడానికో పారిపోవడానికో శరీరం ఇలా సిద్ధమవుతుందని అమెరికాలో హార్వర్డు ఆచార్యుడు వాల్టర్ కేనన్ 1915లో వెలువరించిన పుస్తకంలో వివరించాడు.

తమాషా ఏమిటంటే, ఈ ఏర్పాటుకు అసలు పులికీ, అచ్చులో ఉన్న పులికీ తేడా వెంటనే తెలియదు. కథలోని మనిషి చీకటి మెట్లు దిగుతుంటే మన గుండె కూడా అతనితో దిగుతుంది. అయితే మెదడు ముందు భాగంలో ఆలోచించే కేంద్రాలున్నాయి. "నువ్వు మంచం మీద ఉన్నావు, తలుపు గడియ వేసి ఉంది, చేతిలో ఉన్నది కాగితం" అని అవి చెబుతూనే ఉంటాయి. ఈ రెండూ కలిసి ఉండడం వల్లనే ఆ భయంలో రుచి ఉంది. రెండోది లేకపోతే అది రుచి కాదు, నరకమే.

ఇంకొక సంగతి. ప్రమాదం తప్పిందని తెలిశాక కూడా ఒంట్లోని ఉద్రేకం చప్పున పోదు, కాసేపు మిగిలి ఉంటుంది. ఆ మిగిలిన ఉద్రేకం తరువాత కలిగే సంతోషాన్ని రెట్టింపు చేస్తుందని డాల్ఫ్ జిల్‌మన్ అనే పరిశోధకుడు 1970లలో సిద్ధాంతీకరించాడు. చివరి పేజీలో హంతకుడు దొరికినప్పుడు "అమ్మయ్య" అంటామే, అది అంత హాయిగా ఉండడానికి కారణం ముందరి రెండు వందల పేజీల దడే.

కనుక ఉత్కంఠ నవల చదవడం ఒక విధంగా మనసుకు వ్యాయామం. భయాన్ని మన ఇంట్లో, మన దీపం కింద, మనకు ఇష్టమైనంత సేపు అనుభవించి, పుస్తకం మూసి తిరిగి ఇచ్చేస్తాం. కోవిడ్ రోజుల్లో జరిపి 2021లో అచ్చు వేసిన ఒక పరిశీలనలో, భయానక కథలూ సినిమాలూ ఇష్టపడేవారు ఆ గడ్డుకాలంలో మానసికంగా కొంత తక్కువ కుంగినట్లు కనిపించింది. ఆ కథల వల్లనే అలా అయిందని దీన్ని బట్టి చెప్పలేము. ఆ కథలు చదివేవాళ్ళంతా చెడిపోతారన్న మాట మాత్రం నిలబడదు.

ఆనాడు డోసు కొలిచి ఇచ్చేవారు

'తులసిదళం' 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. తులసి అనే చిన్నపిల్ల మీద చేసిన చేతబడి చుట్టూ నడిచే కథ. ఒక పక్క మంత్రగాళ్ళు, ఇంకో పక్క డాక్టర్లు, మధ్యలో ఊపిరి బిగబట్టిన పాఠకులు. వారం వారం పత్రిక కోసం షాపు దగ్గర కాచుకున్న ఇళ్ళు తెలుగునాట ఎన్నో. ఈ రచయిత నవల ఆధారంగానే 1983లో 'అభిలాష' సినిమా వచ్చింది. అంతకు ముందు తరానికి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ ఉన్నాడు. అద్దె పుస్తకాల షాపుల్లో ఆ పుస్తకాలు అట్టలు ఊడేదాకా తిరిగాయి.

వైద్యుడిగా నాకు ఇందులో ఒక విశేషం కనిపిస్తుంది. సీరియల్ అంటే వారానికి నాలుగైదు పేజీలు. ఎంత ఆత్రం ఉన్నా అంతకు మించి దొరకదు. అంటే భయానికి డోసు కొలిచి ఇచ్చేది సంపాదకుడే. మధ్యలో వారం రోజులు నిద్ర, వంట, ఆఫీసు, ఇరుగుపొరుగుతో "ఏమవుతుందంటావు వదినా" అనే కబుర్లు. ఆ కబుర్లలో భయం కూడా నలుగురికీ పంచబడేది.

ఇప్పుడు నవలంతా ఒక్కసారిగా చేతికి వస్తోంది. సెల్‌ఫోన్లో చదవవచ్చు, చెవిలో పెట్టుకుని వినవచ్చు. ఆపేవారు లేరు. ఎడ్రినలిన్ రక్తంలో ఉండేది కొద్ది నిమిషాలే. కాని ప్రతి ప్రకరణం కొత్తగా మరికొంత తెప్పిస్తుంటే శరీరం చల్లబడేదెప్పుడు? దానికి తోడు ఫోను వెలుతురు సూటిగా కళ్ళలో పడితే, నిద్రకు సమయమైందని ఒంటికి తెలిపే మెలటోనిన్ అనే పదార్థం తయారవడం తగ్గుతుంది. సోదరి తలనొప్పికీ విసుగుకీ కారణం భయం కాదు, నిద్ర చాలకపోవడం. పెద్దవాళ్ళకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ళ వాళ్ళకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి.

గుండెకు ప్రమాదమా?

ఆరోగ్యంగా ఉన్న గుండెకు నవల వల్ల కలిగే దడ ప్రమాదం కాదు. మేడమెట్లు గబగబా ఎక్కినప్పుడు గుండె ఎలా కొట్టుకుని తగ్గుతుందో ఇదీ అంతే. అయితే కొందరు జాగ్రత్తగా ఉండాలి.

గుండెనొప్పి ఉన్నవారు, గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారు, రక్తపుపోటు అదుపులో లేనివారు ఇటువంటి నవలలు పగటిపూట, కొద్ది కొద్దిగా చదువుకోవడం మంచిది. చదువుతుండగా రొమ్ములో బిగపట్టినట్లు నొప్పి వచ్చి, ఎడమ చేతికో దవడకో పాకితే, చెమట పట్టి ఆయాసం వస్తే, "నవల వల్లలే" అని పడుకోవద్దు. వెంటనే 108కి ఫోను చెయ్యండి.

పుస్తకం చేతిలో లేకపోయినా, ఏ కారణం లేకుండా హఠాత్తుగా గుండె దడ, ఊపిరి ఆడకపోవడం, చచ్చిపోతానేమో అన్న భయం వచ్చి పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్ళి తగ్గిపోవడం కొందరికి జరుగుతుంది. ఇది భయోద్వేగ వ్యాధి కావచ్చు. ముందు గుండె పరీక్ష చేయించుకుని, అక్కడ లోపం లేదని తేలితే మానసిక వైద్యుడిని కలవాలి. దీనికి చక్కని చికిత్స ఉంది.

గతంలో దాడికో, ప్రమాదానికో గురైనవారికి అటువంటి ఘట్టాలున్న నవల పాత గాయాన్ని రేపవచ్చు. వాళ్ళు పుస్తకం మధ్యలో వదిలేస్తే పిరికివాళ్ళని ఎగతాళి చెయ్యకూడదు. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలకు కల్పనకూ నిజానికీ మధ్య గీత ఇంకా గట్టిపడదు. వాళ్ళ ముందు ఇటువంటి కథలు పైకి చదవవద్దు.

నవల్లో వైద్యం నమ్మవద్దు

ఉత్కంఠ నవలల్లో డాక్టర్లు, మందులు, పిచ్చాసుపత్రులు తరచుగా వస్తాయి. కథ కోసం రాసినదాన్ని వైద్యంగా తీసుకుంటే ప్రమాదం.

నవల్లో క్లోరోఫారం చల్లిన చేతిరుమాలు ముక్కు దగ్గర పెట్టగానే మనిషి పడిపోతాడు. నిజానికి దానితో స్పృహ తప్పడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ప్రాణం పోయే అపాయమూ ఉంది.

నవల్లో హిప్నాటిజం చేసినవాడు చెబితే ఎదుటివాడు హత్య కూడా చేస్తాడు. నిజానికి హిప్నాటిజం అంటే ఏకాగ్రత కుదిరిన ఒక స్థితి, అంతే. మనిషి అవతలివాడి చేతిలో కీలుబొమ్మ కాడు.

నవల్లో స్కిజోఫ్రీనియా అంటే ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు. నిజానికి అది వేరే జబ్బు. స్కిజోఫ్రీనియాలో లేని మాటలు వినిపించడం, ఎవరో కీడు తలపెడుతున్నారన్న అనుమానం, నలుగురికీ దూరమవడం ముఖ్య లక్షణాలు.

నవల్లో కరెంటు షాకు ఒక శిక్ష. నిజానికి తీవ్రమైన కుంగుబాటు వంటి కొన్ని జబ్బుల్లో అది ప్రాణం నిలిపే చికిత్స. మత్తు ఇచ్చి, కండరాలు వదులయ్యే మందు ఇచ్చి మాత్రమే చెయ్యాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశించింది.

అన్నిటికంటే పెద్ద అన్యాయం ఇంకొకటి. ఇటువంటి నవలల్లో హంతకుడు చాలాసార్లు మానసిక రోగి. నిజ జీవితంలో మానసిక రోగుల్లో అత్యధికులు ఎవరినీ ఏమీ చెయ్యరు. దెబ్బలు తినేది, మోసపోయేది ఎక్కువగా వాళ్ళే. మీ వీధిలో ఎవరికైనా మానసిక జబ్బు ఉందంటే నవల్లోని మనిషిని తలచుకోకండి.

ఇక అమ్మాయి సంగతి

సోదరి ఉత్తరం నాలుగో పేజీలో, చివరన, చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది. అమ్మాయి మొదటిసారి ఇలా చూపు నిలిపింది దసరా సెలవుల్లో. నవల చదివింది సంక్రాంతికి.

పాఠకులు గమనించారా? డిటెక్టివ్ నవల్లో ఇటువంటి చిన్న వాక్యం దగ్గరే కథ మలుపు తిరుగుతుంది. నవల కంటే మూడు నెలల ముందే మొదలైనదానికి నవల కారణం కాదు. గాలీ కాదు. ఉన్నట్టుండి పలకకపోవడం, పెదవులు చప్పరించడం, బట్ట నలపడం, తరువాత గుర్తు లేకపోవడం, ప్రతిసారీ అదే తీరుగా జరగడం, వీటన్నిటినీ బట్టి మూర్ఛవ్యాధిలో ఒక రకమేమో అని ముందుగా అనుమానించాలి. మూర్ఛ అంటే కాళ్ళూ చేతులూ కొట్టుకోవడమే అని చాలామంది అనుకుంటారు. మెదడులో ఒక్క చోట మాత్రమే విద్యుత్తు అదుపు తప్పితే ఇలా నిశ్శబ్దంగా కూడా రావచ్చు. ఉత్తరం చూసి జబ్బు నిర్ణయించడం తగదు కనుక, ఇదేనని నేను అనడం లేదు. కాని పరీక్ష మాత్రం ఆలస్యం చెయ్యకూడదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మూర్ఛ ఉన్నవారికి నిద్ర తక్కువైతే అది మరింత తరచుగా వస్తుంది. నవల కోసం రాత్రుళ్ళు మేలుకోవడం వల్ల సంక్రాంతి తరువాత ఎక్కువయి ఉండవచ్చు. పుస్తకానికి ఇందులో ఏమైనా పాత్ర ఉంటే అంతవరకే.

అమ్మా, అమావాస్య కోసం ఎదురు చూడవద్దు. ఈ వారమే అమ్మాయిని విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో గాని, మీకు వీలైన మరే ఆసుపత్రిలో గాని నరాల వ్యాధుల నిపుణుడికి చూపించండి. ఈసారి అలా వచ్చినప్పుడు ఇంట్లో ఎవరైనా ఫోనులో వీడియో తీసి ఉంచండి. డాక్టరుకు అది ఎంతో ఉపయోగం. మెదడులోని విద్యుత్ తరంగాలను గీసి చూపే ఇ.ఇ.జి. పరీక్ష చేస్తారు, అవసరమైతే స్కానింగు చేస్తారు. మూర్ఛకు తగిన మందులు సరిగ్గా వాడితే నూటికి డెబ్భై మంది దాకా ఏ ఇబ్బందీ లేకుండా జీవించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మందు ఇస్తే, డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానవద్దు. ఆడపిల్లలకు భవిష్యత్తులో గర్భం సంగతి ఆలోచించి మందు ఎంచుకోవాలి కనుక, ఆ విషయం డాక్టరును తప్పక అడగండి.

పరీక్షలు పూర్తయ్యే వరకు అమ్మాయిని సముద్రస్నానానికి దింపవద్దు. బావి దగ్గరకు, పొయ్యి దగ్గరకు ఒంటరిగా పంపవద్దు. స్కూటరు నడపనివ్వవద్దు. ఎప్పుడైనా కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టవద్దు. చేతిలో తాళాలు పెట్టినందువల్ల ఉపయోగం లేదు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

రేపు పెళ్ళి కాదేమోనని దాచవద్దు. మూర్ఛ ఉన్నవారి పెళ్ళికి హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు అడ్డంకి ఉండేది. 1999లో దాన్ని తీసేశారు. జబ్బుకన్నా దాన్ని దాచడమే ఎక్కువ సంసారాలను చెడగొడుతుంది.

అత్తగారితో పోట్లాడవద్దు. ఆవిడ మాటలోనూ ఉన్నది పిల్ల మీద ప్రేమే. కొండ మీది నరసింహస్వామికి మొక్కుకుంటానంటే మొక్కుకోనివ్వండి. ఆసుపత్రికి ఆవిడను కూడా తీసుకువెళ్ళి, డాక్టరు చెప్పేది ఆవిడ చెవిన పడనివ్వండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి. ఎవరో చేతబడి చేశారన్న మాట ఇంట్లోంచి వీధిలోకి పోకూడదు. ఆ అనుమానంతో అమాయకులను కొట్టి చంపిన సంఘటనలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జరిగాయి. నవల్లో చేతబడి కాగితం మీద ఆగిపోతుంది. వీధిలో ఆగదు.

చీకటి భయం పోవాలంటే

దొడ్లోకి వెళ్ళడానికి అమ్మాయి పడే భయం మాత్రం నవల ఇచ్చినదే. దానికి మందు అక్కరలేదు. "ఇంత పిల్లవి, దెయ్యాలా!" అని నవ్వవద్దు. భయపడే చోటికి అంచెలంచెలుగా తీసుకువెళ్ళడమే చికిత్స. మొదటి రెండు మూడు రోజులు సాయంత్రం వెలుతురులో మీరిద్దరూ దొడ్లోకి వెళ్ళండి. తరువాత మునిమాపు వేళ. తరువాత లైటు వేసి, మీరు గుమ్మంలో నిలబడి అమ్మాయిని పంపండి. తరువాత మీరు లోపలే ఉండండి. ప్రతి మెట్టు దగ్గరా భయం సగానికి తగ్గేదాకా ఆ చోటనే ఉండాలి. మధ్యలో పరుగెత్తి వస్తే భయం గెలిచినట్లు.

మీ ఊళ్ళోనే ఒక మంచి పాఠం ఉంది. భీమిలిలో డచ్చివారి పాత సమాధులున్నాయి కదా. రాత్రిపూట ఆ వైపు వెళ్ళాలంటే పిల్లలకు భయమే. పగలు తీసుకువెళ్ళి, మూడు వందల ఏళ్ళ కిందట హాలెండు నుంచి వ్యాపారానికి ఓడల మీద వచ్చి, ఇంటికి తిరిగి వెళ్ళలేక ఇక్కడే కన్నుమూసిన మనుషులని చెప్పండి. భయం ఉన్న చోట జాలి పుడుతుంది. తెలియనిదే భయపెడుతుంది.

నాలుగైదు వారాలు గడిచినా భయం తగ్గక చదువు, నిద్ర, తిండి చెడుతుంటే మానసిక వైద్యుడిని సంప్రదించండి. విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అంత దూరం వెళ్ళే ముందు మాట్లాడాలనుకుంటే, కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు డబ్బు ఖర్చు లేకుండా ఫోను చెయ్యవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

నవల ప్రియులకు కొన్ని సూచనలు

1. ప్రకరణం చివర ఆపుదామనుకోకండి. రచయిత గాలం వేసేది అక్కడే. ప్రకరణం మధ్యలో, కాస్త చప్పగా ఉన్న చోట పేజీ గుర్తు పెట్టి మూసేయండి. వదలడం ఎంత తేలికో చూడండి.

2. ఎన్ని పేజీలో చదవడానికి ముందే నిర్ణయించుకోండి. ఇంట్లో ఇంకొకరు చదివేవారుంటే, సీరియల్ రోజుల్లో లాగా ఇద్దరూ రోజుకు ఇన్ని పేజీలని పంచుకోండి. మర్నాడు కాఫీ దగ్గర చర్చ పెట్టుకోండి.

3. పడుకోవడానికి గంట ముందే ఉత్కంఠ నవల ముగించండి. ఆ గంటలో మర్నాటి కూర తరుక్కోవడం, పాత పాట వినడం, ఏదైనా హాస్యకథ చదవడం చెయ్యండి. సాయంత్రం దాటాక కాఫీ, టీ మానండి.

4. ఫోను మంచం దగ్గర పెట్టుకోవద్దు. కాగితం పుస్తకమైతే దీపం వెనక నుంచి పడేలా పెట్టుకోండి.

5. దడగా ఉంటే నెమ్మదిగా ఊపిరి పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువ సేపు వదలండి. పది సార్లు చేస్తే గుండె వేగం తగ్గుతుంది.

6. ఎప్పుడైనా తెల్లవార్లూ చదివారనుకోండి, మర్నాడు బీచి రోడ్డు మీద బండి నడపవద్దు. నిద్రమత్తు తాగినమత్తుకు తీసిపోదు.

7. పిల్లలు భయపడే నవల చదువుతుంటే పుస్తకం లాక్కోకండి. మీరూ చదివి, వాళ్ళతో దాని గురించి మాట్లాడండి. లాక్కున్న పుస్తకం దుప్పటి కింద రెట్టింపు భయపెడుతుంది.

ఇంట్లో ఎవరికైనా ఏదైనా వింత లక్షణం కనిపిస్తే, ఫలానా పుస్తకం వల్ల, ఫలానా సినిమా వల్ల అని తేల్చేయకండి. ఒక కాగితం తీసుకుని, ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, ఎన్నిసార్లు వచ్చింది అని తేదీలతో రాయండి. ఆ కాగితం జేబులో పెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మీ చేతిలోని తేదీలే ఆయనకు సగం దారి చూపిస్తాయి.